ఐదు రోజుల సరుకు: బ్లడ్ బ్యాంకులో కొత్తగా చేరినవాళ్లకు

డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ పూర్తి చేసి బ్లడ్ బ్యాంకు ఉద్యోగానికి వెళ్లేవాళ్లను ఇంటర్వ్యూలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎర్రకణాలను ఫ్రిజ్‌లో పెడతాం, ప్లాస్మాను డీప్ ఫ్రీజర్‌లో పెడతాం. మరి ప్లేట్‌లెట్లను బయట పెట్టి ఊపుతూ ఎందుకు కూర్చుంటాం?" చాలామందికి జవాబు సగమే వస్తుంది. "20 నుంచి 24 డిగ్రీలు సార్, అజిటేటర్ మీద, ఐదు రోజులు" అని గడగడా అప్పజెప్పేస్తారు. ఎందుకు ఐదు, ఎందుకు ఊపాలి అని అడిగితే మాత్రం బల్ల వంక చూస్తారు. అంకెలు బట్టీ పడితే పరీక్ష గట్టెక్కుతుంది గానీ, అర్ధరాత్రి రెండింటికి అజిటేటర్ ఆగిపోతే ఏం చేయాలో అంకెలు చెప్పవు. కారణం తెలిసినవాళ్లకు చేతులు వాటంతట అవే ఆడతాయి. అందుకే ఇక్కడ రూల్స్ కంటే కారణాలకే ఎక్కువ చోటిస్తున్నాను.

ఉద్యోగం సంగతి ముందు ఒక్క మాటలో. డ్రగ్స్ రూల్స్ ప్రకారం బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్‌కు ఎంఎల్‌టీ డిగ్రీ ఉంటే ఆరు నెలలు, డిప్లొమా అయితే ఏడాది, రక్తం లేదా దాని భాగాల పరీక్షలో అనుభవం ఉండాలి. కనుక మొదటి ఉద్యోగంలో జీతం కొంచెం తక్కువైనా, కాంపొనెంట్లు తయారుచేసే కేంద్రాన్నే ఎంచుకోండి. హోల్ బ్లడ్ మాత్రమే ఇచ్చే చోట రెండేళ్లు చేసినా ప్లేట్‌లెట్ పని చేతికి రాదు.

ఇక అసలు విషయం. ప్లేట్‌లెట్ పూర్తి కణం కాదు. ఎముక మజ్జలో మెగాకార్యోసైట్ అనే భారీ కణం ఉంటుంది. దాని నుంచి తెగి రక్తంలో కలిసే ముక్కలే ప్లేట్‌లెట్లు. ఆరోగ్యవంతుడి మజ్జ రోజుకు సుమారు పది వేల కోట్ల ప్లేట్‌లెట్లను తయారుచేస్తుంది. వాటికి కేంద్రకం ఉండదు. అంటే అవసరమైన ప్రొటీను అయిపోతే మళ్లీ తయారుచేసుకునే వీలు దాదాపుగా లేనట్టే. పుట్టినప్పుడు తల్లికణం మూటగట్టి పంపినదాంతోనే ఎనిమిది నుంచి పది రోజులు నెట్టుకురావాలి.

పది రోజుల తర్వాత ఏమవుతుంది? ఒంట్లో తిరిగి తిరిగి అరిగిపోతాయనే చాలాకాలం అనుకున్నారు. 2007లో మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ పరిశోధన సంస్థవాళ్లు 'సెల్' పత్రికలో అచ్చువేసిన పని ఆ అభిప్రాయాన్ని మార్చింది. ప్లేట్‌లెట్‌లో రెండు ప్రొటీన్లు ఎదురెదురుగా ఉంటాయి. బాక్ అనేది చంపే రకం. బీసీఎల్-ఎక్స్ఎల్ దాన్ని కదలనీయకుండా పట్టి ఉంచే రకం. రోజులు గడిచేకొద్దీ బీసీఎల్-ఎక్స్ఎల్ కరిగిపోతుంది, కొత్తది తయారు కాదు. పట్టు సడలగానే బాక్ మైటోకాండ్రియా పొరకు కన్నాలు వేస్తుంది. లోపలున్న సైటోక్రోమ్-సి బయటికి కారుతుంది, కాస్పేజ్ అనే ఎంజైములు మేలుకుంటాయి. మామూలుగా పొర లోపలివైపు దాగి ఉండే ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు పదార్థం బయటివైపుకు తిరుగుతుంది. కాలేయం, ప్లీహాల్లోని కణాలు ఆ గుర్తు చూసి ప్లేట్‌లెట్‌ను మింగేస్తాయి. బీసీఎల్-ఎక్స్ఎల్‌ను తగ్గించిన ఎలుకల్లో ప్లేట్‌లెట్లు తొందరగా పోయాయి. బాక్‌ను తీసేసిన ఎలుకల్లో మామూలుకంటే ఎక్కువకాలం ఉన్నాయి. అపోప్టోసిస్ అని పాఠ్యపుస్తకంలో చదివిన ముందే రాసిపెట్టిన చావు, కేంద్రకం లేని ఈ ముక్కకు కూడా ఉందన్నమాట.

ఇది ప్రయోగశాల ముచ్చట కదా, మనకెందుకు అనుకోకండి. క్యాన్సర్ వార్డులకు రక్తం ఇచ్చే కేంద్రంలో పనిచేస్తే ఇదే సంగతి వేరే రూపంలో ఎదురవుతుంది. నావిటోక్లాక్స్ అనే ప్రయోగాత్మక మందు క్యాన్సర్ కణాల్లోని బీసీఎల్-2 అనే ఇలాంటి కాపాడే ప్రొటీనుతో పాటు బీసీఎల్-ఎక్స్ఎల్‌ను కూడా అడ్డుకుంటుంది. ఫలితంగా అది వేసుకున్నవాళ్లకు ప్లేట్‌లెట్ల కౌంట్ చటుక్కున పడిపోయేది. బీసీఎల్-2ను మాత్రమే పట్టుకునేలా ఆ తర్వాత రూపొందించినదే వెనెటోక్లాక్స్. 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇప్పుడు మీ చేతిలోని బ్యాగు గురించి ఆలోచించండి. దాత చేతికి సూది గుచ్చినప్పుడు అందులోకి వచ్చే ప్లేట్‌లెట్లన్నీ ఒకే వయసువి కావు. నిన్న పుట్టినవీ ఉంటాయి, ఎనిమిది రోజులు తిరిగి పోవడానికి సిద్ధంగా ఉన్నవీ ఉంటాయి. అంటే మొదటి రోజు నుంచే బ్యాగులో కొన్ని రాలిపోతుంటాయి. నిల్వ ఉంచిన ప్లేట్‌లెట్లలో కాస్పేజ్‌లు పనిచేయడం, ఫాస్ఫాటిడైల్ సెరీన్ బయటపడటం పరిశోధకులు చూశారు. నిల్వలో జరిగే నష్టానికి ఇదొక్కటే కారణం కాదు. ఆమ్లం పెరగడం, ప్లేట్‌లెట్లు అకారణంగా ఉత్తేజితం కావడం, పైనున్న చక్కెర అణువులు ఊడిపోవడం కూడా తోడవుతాయి. ఏదేమైనా, వాటి ఆయుష్షు పెంచడం మీ చేతిలో లేదు. ఉన్న ఆయుష్షు మీ నిర్లక్ష్యం వల్ల వృథా కాకుండా చూడటమే మీ ఉద్యోగం.

ఫ్రిజ్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు, కాబట్టి అక్కడ కాస్త ఆగుదాం. ఒకప్పుడు ప్లేట్‌లెట్లను కూడా చల్లగానే దాచేవారు. 1969లో మర్ఫీ, గార్డ్‌నర్ అనే అమెరికా పరిశోధకులు, 4 డిగ్రీల్లో ఉంచినవాటికంటే 22 డిగ్రీల దగ్గర ఉంచినవి రోగి ఒంట్లోకి వెళ్లాక ఎక్కువకాలం ఉంటాయని చూపించారు. చల్లబడితే ప్లేట్‌లెట్ తన బిళ్లలాంటి ఆకారం పోగొట్టుకుని గుండ్రంగా మారుతుంది. దాని పైనున్న జీపీ-ఐబీ అనే గ్రాహకాలు గుంపుగా చేరతాయి. కాలేయం వాటిని గుర్తుపట్టి తొందరగా తీసిపారేస్తుంది. అంటే ఫ్రిజ్‌లో పెట్టిన బ్యాగు చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎక్కించాక మాత్రం కౌంట్ నిలబడదు. కనిపించని నష్టం కాబట్టే ప్రమాదం. ఇంటర్వ్యూలో ఇంకాస్త ముందుకు వెళ్లాలనుకుంటే ఇదీ చెప్పండి: చల్లటి ప్లేట్‌లెట్లు ఎక్కువకాలం ఉండకపోయినా, కారుతున్న రక్తాన్ని ఆపడంలో చురుకుగానే ఉంటాయి. అందుకే 2023లో అమెరికా ఎఫ్‌డీఏ, మామూలు ప్లేట్‌లెట్లు దొరకని పరిస్థితుల్లో రక్తస్రావం అవుతున్నవాళ్లకు చల్లగా నిల్వ చేసినవాటిని 14 రోజుల వరకు వాడటానికి దారి ఇచ్చింది. మన కేంద్రాల్లో మాత్రం నియమం 20–24 డిగ్రీలే.

ఈ ఫ్రిజ్ తప్పు ఎక్కువగా మన గది బయట జరుగుతుంది. మొదటిది క్యాంపులో. ఎండాకాలం రక్తదాన శిబిరం పెట్టినప్పుడు, రక్తం చెడిపోతుందేమోనని జాలిపడి బ్యాగులన్నీ ఐస్ పెట్టెలో సర్దేస్తారు. ఐస్ తగిలిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లు తీయకూడదు. క్యాంపుకు బయల్దేరే ముందే ఇన్‌చార్జిని అడగండి: ఇవాళ్టి బ్యాగుల్లో ప్లేట్‌లెట్లకు ఎన్ని, వాటికి 22 డిగ్రీల పెట్టె ఏది, ఎన్ని గంటల్లోగా కేంద్రానికి చేరాలి? హోల్ బ్లడ్ తీసిన ఆరు నుంచి ఎనిమిది గంటల్లోగా ప్లేట్‌లెట్లు వేరుచేయాలి కనుక, మధ్యాహ్నం భోజనాల తర్వాత తీరిగ్గా బయల్దేరే వ్యాను వల్ల పొద్దున తీసిన బ్యాగులు వృథా అవుతాయి. ఒక ట్రిప్పు ముందే పంపించమని పట్టుబట్టండి. కొత్తవాణ్ణి కదా అని మొహమాటపడకండి.

రెండోది వార్డులో. రక్తం అంటే ఫ్రిజ్‌లో పెట్టాలనే అలవాటుతో ప్లేట్‌లెట్ బ్యాగును కూడా వార్డు ఫ్రిజ్‌లో పెట్టేసే సిస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ఎర్రకణాల విషయంలో చల్లదనం సరైనదే. బ్యాగు ఇచ్చేటప్పుడే "సిస్టర్, ఇది ఫ్రిజ్‌లో పెట్టొద్దు, వెళ్లగానే ఎక్కించేయండి, సెట్ కొత్తది వాడండి" అని నోటితో చెప్పి, ఇష్యూ స్లిప్ మీద ఎర్రసిరాతో రాయండి. బ్యాగు తీసుకెళ్లేది పేషెంటు తాలూకు మనిషి అయితే మరీ జాగ్రత్త. ఐస్‌క్రీమ్ డబ్బాలో ఐస్ ముక్కలేసుకుని వచ్చే అన్నలు ఉంటారు. ఆ డబ్బా మీరే తెరిచి చూసి, ఐస్ పారబోయించి ఇవ్వండి.

ఊపడం ఎందుకో తెలిస్తే అజిటేటర్ మీద గౌరవం పెరుగుతుంది. ప్లేట్‌లెట్ బ్యాగు ప్లాస్టిక్‌కు గాలి వెళ్లే గుణం ఉంటుంది. ఆక్సిజన్ లోపలికి, కార్బన్ డయాక్సైడ్ బయటికి ఆ పొరలోంచే వెళ్తాయి. ఊపకపోతే అడుగున చేరిన ప్లేట్‌లెట్లకు ఆక్సిజన్ అందదు. అప్పుడు గ్లూకోజ్‌ను ఆక్సిజన్ లేకుండా వాడుకుంటాయి, లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, పీహెచ్ పడిపోతుంది. 6.2 కంటే దిగజారితే ఆ బ్యాగు పనికిరాదు. అదే కారణంతో బ్యాగులను ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, బ్యాగు మీద పెద్ద పెద్ద స్టిక్కర్లు అంటించకూడదు. చోటు లేదని రెండు బ్యాగుల్ని ఒకే అరలో ఇరికించడం చాలా చోట్ల చూస్తాం. అక్కడ మధ్యలో చిక్కిన పొరకు గాలి ఆడదు.

అజిటేటర్ ఆగిపోతే వెంటనే బ్యాగులు పారేయాల్సిన పనిలేదు. రవాణాలాంటి సందర్భాల్లో ఊపకుండా ఉన్న సమయం మొత్తం కలిపి 24 గంటలు మించకూడదన్నది అంతర్జాతీయంగా పాటించే హద్దు. కనుక కంగారుపడకుండా ఆగిన సమయం రాయండి, గది ఉష్ణోగ్రత రాయండి, బ్యాగుల్ని విడివిడిగా పరిచి అప్పుడప్పుడు చేత్తో మెల్లగా కదుపుతూ ఉండండి, మెడికల్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. అజిటేటర్ కంటే ఏసీ ఆగడం పెద్ద ముప్పు. మే నెలలో కరెంటు పోయిన గది గంటలో 24 డిగ్రీలు దాటేస్తుంది. జనరేటర్‌కు ఏసీ కలిపి ఉందో లేదో చేరిన వారంలోనే కనుక్కోండి. ఇంక్యుబేటర్ ఉన్న అజిటేటర్ అయితే దాని ప్లగ్ ఏ లైనుదో చూసుకోండి.

తయారీలో ఒక చిన్న మెలకువ. హెవీ స్పిన్ తర్వాత అడుగున గుండీలా అతుక్కున్న ప్లేట్‌లెట్లను వెంటనే పిసికి కలిపేయాలని చేతులు తహతహలాడతాయి. ఆగండి. లేబులు వైపు కిందికి పెట్టి ఒక గంట ఊరకే వదిలేస్తే అవే మెత్తబడి విడివడతాయి. ఆ తర్వాతే అజిటేటర్ మీదికి. బలవంతంగా కలిపితే గడ్డలు మిగులుతాయి, ఉత్తేజితమైన ప్లేట్‌లెట్లు వార్డుకు వెళ్లకముందే పని ముగించేసుకుంటాయి.

బ్యాగు ఇచ్చేముందు స్విర్లింగ్ చూడటం నేర్చుకోండి. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. బ్యాగును ట్యూబులైటు ఎదురుగా పట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కి వదలండి. బతికున్న ప్లేట్‌లెట్లు బిళ్లల ఆకారంలో ఉంటాయి కనుక కాంతిని అటూ ఇటూ విరజిమ్ముతాయి. పట్టుచీర కొంగు వెలుతురులో కదిలినప్పటి మెరుపు బ్యాగులో అలల్లా తిరుగుతుంది. గుండ్రంగా మారిపోయినవైతే ఎంత నొక్కినా మజ్జిగ కదిలినట్టు కదులుతుందే తప్ప మెరుపు ఉండదు. మొదట్లో సీనియర్ పక్కన నిలబడి, ఆనాడు తయారైన బ్యాగునూ, ఐదో రోజు బ్యాగునూ పక్కపక్కన పట్టుకుని చూడండి. కంటికి తేడా పట్టుబడిన తర్వాత ప్రతి బ్యాగుకూ ఇది అలవాటైపోతుంది. మెరుపు లేకపోతే ఇవ్వొద్దు, మెడికల్ ఆఫీసర్‌కు చూపించండి. ఎర్రగా ఉన్నా, గడ్డలు కనిపించినా, గాలిబుడగలు పుట్టినా అంతే.

గాలిబుడగలు అన్నాను కదా, ఐదు రోజుల గడువులో సగం కథ అదే. 22 డిగ్రీలంటే ప్లేట్‌లెట్లకు ఎంత హాయో బ్యాక్టీరియాకు అంత పండగ. అమెరికాలో 1984లో గడువును ఏడు రోజులకు పెంచి, బ్యాగుల్లో బ్యాక్టీరియా పెరిగి రోగులకు ముప్పు వస్తోందని 1986లో మళ్లీ ఐదుకు దించారు. దీన్నిబట్టి మీరు నేర్చుకోవాల్సింది ఫ్లెబాటమీ బల్ల దగ్గర ఉంది. చేతిని యాంటీసెప్టిక్‌తో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. ఆరకముందే గుచ్చితే తుడిచి లాభం లేదు. తుడిచిన చోట మళ్లీ వేలితో నరం తడమొద్దు. మొదట వచ్చే కొద్ది రక్తాన్ని డైవర్షన్ పౌచ్‌లోకి పంపే బ్యాగులు ఉంటే, ఆ పౌచ్‌ను నింపకుండా దాటేయొద్దు. చర్మం ముక్కతో పాటు వచ్చే సూక్ష్మజీవులు అందులోనే ఆగిపోతాయి.

దాత దగ్గర అడగాల్సిన ప్రశ్న కూడా ఈ కేంద్రకం లేకపోవడంతోనే ముడిపడి ఉంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్‌లోని కాక్స్-1 అనే ఎంజైమును శాశ్వతంగా మూసేస్తుంది. కొత్తది చేసుకునే శక్తి లేదు కనుక ఆ ప్లేట్‌లెట్ చచ్చేదాకా మందకొడిగానే ఉంటుంది. అందుకే ఆస్పిరిన్ వేసుకున్న దాత నుంచి మూడు రోజులపాటు ప్లేట్‌లెట్లు తీసుకోరు. ఎర్రకణాలు తీసుకోవచ్చు. అయితే "ఆస్పిరిన్ వేసుకున్నారా?" అని అడిగితే అందరూ లేదనే అంటారు. "ఈ మూడు రోజుల్లో తలనొప్పికో ఒళ్లునొప్పులకో ఏదైనా మాత్ర వేసుకున్నారా అన్నా? దాని పేరు గానీ అట్ట గానీ ఉందా?" అని అడగండి. అప్పుడు జేబులోంచి డిస్ప్రిన్ అట్ట బయటికి వస్తుంది.

మెషీన్ మీద ఎస్‌డీపీ (ఒకే దాత ప్లేట్‌లెట్లు) ఇచ్చే దాతలకు గంటా గంటన్నర పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల పెదవుల చుట్టూ జిల్లుమంటుంది. అది ముందే చెప్తే భయపడరు. దాత అలా ఉందని అనగానే మెషీన్ వేగం తగ్గించి, మెడికల్ ఆఫీసర్‌ను పిలవాలి. ఒకే దాత నుంచి కనీసం 48 గంటలు గడవకుండా మళ్లీ తీయకూడదు. వారానికి రెండుసార్లు, ఏడాదికి 24 సార్లు మించకూడదు.

ఇక డెంగీ సీజను. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ మీ ఉద్యోగంలో సగం ఇష్యూ కౌంటర్ దగ్గరే. ఒకామె రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వస్తుంది: "బాబూ, మావాడికి నిన్న 60 వేలు, ఇవాళ 28 వేలు అంట. డబ్బులెంతైనా పర్లేదు, నాలుగు ప్యాకెట్లు ఇవ్వు నాయనా." మీరు డాక్టరు కాదు, ఎక్కించాలో వద్దో చెప్పకండి. కానీ ఏం జరుగుతోందో మీకు తెలిసి ఉండాలి. డెంగీ వైరస్ ప్లేట్‌లెట్లకే తగులుకుని వాటిలో మైటోకాండ్రియాను దెబ్బతీసి, మనం పైన చెప్పుకున్న కాస్పేజ్‌లను మేల్కొలుపుతుందని 2013లో బ్రెజిల్ పరిశోధకులు చూపించారు. బయటినుంచి ఎక్కించినవీ అదే రక్తంలోకి వెళ్తాయి. జ్వరం తగ్గాక మజ్జ కోలుకుని కౌంట్ తనంతట తానే లేస్తుంది. సింగపూర్, మలేసియాల్లో జరిగి 2017లో 'లాన్సెట్'లో వచ్చిన ట్రయల్‌లో, కౌంట్ 20 వేలు, అంతకంటే తక్కువ ఉన్న పెద్దవాళ్లకు రక్తస్రావం లేకుండా ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించడం వల్ల రక్తస్రావం తగ్గలేదు. డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది ప్లాస్మా కారిపోవడం. దానికి హెమటోక్రిట్ చూడాలి. అందుకే ఆమెతో "అమ్మా, డాక్టరుగారి రిక్వెస్ట్ ఫారం తీసుకురండి, వెంటనే ఇస్తాను. రక్తం ఎక్కడైనా కారుతోందా అని వార్డులో అడిగారా?" అనండి. ఫారంలో కౌంట్, రక్తస్రావం ఉందో లేదో రాసే గడి ఖాళీగా ఉంటే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయడం మీ హక్కు.

ల్యాబ్ వైపు పనిచేసేవాళ్లకు మరో మాట. మెషీన్ 15 వేలు అని చూపించగానే రిపోర్టు కొట్టేయకండి. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ వల్ల కొందరిలో ప్లేట్‌లెట్లు ట్యూబులోనే గుంపులు కడతాయి. మెషీన్ ఆ గుంపుల్ని లెక్కలోకి తీసుకోదు. ఒంటి మీద మచ్చ లేదు, చిగుళ్ల నుంచి రక్తం లేదు, కౌంట్ మాత్రం పాతాళంలో ఉందంటే స్మియర్ వేసి అంచుల్లో గుంపులున్నాయేమో చూడండి. సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించి, వచ్చిన అంకెను 1.1తో గుణించండి. ఈ ఐదు నిమిషాల పని వల్ల ఒక మనిషి అనవసరంగా నాలుగు బ్యాగులు ఎక్కించుకోకుండా తప్పుతుంది.

వార్డు నుంచి "ఎక్కించాం, కౌంట్ పెరగలేదు" అని ఫోన్ వస్తే గొడవపడకండి. పెద్దవాళ్లలో హోల్ బ్లడ్ నుంచి వేరుచేసిన ఒక ఆర్‌డీపీ యూనిట్‌కు ఐదు నుంచి పది వేలు, ఒక ఎస్‌డీపీకి 30 నుంచి 60 వేలు పెరుగుతుందని ఆశిస్తాం. ఎక్కించిన గంటలోగా తీసిన శాంపిల్‌లోనే ఆ లెక్క తేలుతుంది. మర్నాడు తీస్తే తేలదు. తీవ్ర జ్వరం, ఇన్ఫెక్షన్, పెరిగిన ప్లీహం, రోగి రక్తంలో హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు ఏవైనా కారణం కావచ్చు. శాంపిల్ ఎప్పుడు తీశారో, బ్యాగు ఎన్నో రోజుదో కనుక్కుని రిజిస్టర్‌లో రాసి మెడికల్ ఆఫీసర్ ముందు పెట్టండి.

ఎంత జాగ్రత్తపడినా ప్లేట్‌లెట్లలో వృథా ఉంటుంది. వారాంతంలో పెద్ద క్యాంపు పెట్టి, వారం మధ్యలో అడిగేవాళ్లు లేక పారేసే కేంద్రాలు తక్కువేం కాదు. అజిటేటర్ మీద పాత బ్యాగులు ముందు వరుసలో, కొత్తవి వెనక వరుసలో సర్దండి. షిఫ్టు దిగేటప్పుడు, ఇవాళా రేపూ గడువు తీరే బ్యాగుల నంబర్లు, గ్రూపులు ఒక చీటీ మీద రాసి తర్వాతి షిఫ్టువాళ్ల చేతికిచ్చి వెళ్లండి. పక్క ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు నంబరు కూడా ఆ చీటీ మీదే ఉండాలి.